వేసవిలో పల్లెల్లో సోషల్ ఎంటర్‌ప్రైజ్‌తో రెండు నెలలు: వెళ్లండి, కానీ ముందు కొనుగోలు పుస్తకం చూపిస్తారా అని అడగండి

కడపలో బీకాం రెండో ఏడాది చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. కదిరి వైపు పల్లెల్లో మహిళా రైతుల దగ్గర శనక్కాయలు, కొర్రలు, చింతపండు కొని బెంగళూరు, హైదరాబాదుల్లో అమ్మే ఒక సోషల్ ఎంటర్‌ప్రైజ్ (వ్యాపారం చేస్తూనే ఊళ్లకు మేలు చేస్తామనే సంస్థ) ఈ ఎండాకాలం రెండు నెలలు వచ్చి పనిచేయమంది. ఉండటానికి గది ఇస్తారట, జీతం లేదట. ఇంట్లో వాళ్లకు ఇష్టం లేదు. స్నేహితులు ఏదైనా కంపెనీలో ఇంటర్న్‌షిప్ చూసుకోమంటున్నారు. "వెళ్తే ఆ ఊళ్లకు నిజంగా ఏమైనా చేయగలనా, నాకేమైనా వస్తుందా, లేక సర్టిఫికెట్ కోసం ఎండలో తిరిగి రావడమేనా?" అని ఆమె టెన్షన్ పడుతున్నారు.

వెళ్లండి. కానీ ఒప్పుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. మొదటిది, ఆ సంస్థ తన కొనుగోలు పుస్తకం మీకు చూపిస్తుందా లేదా. రెండోది, ఈ రెండు నెలల్లో మీరు తేల్చి చెప్పాల్సిన ఒకే ఒక్క ప్రశ్న ఏమిటి. ఈ రెండింటికీ నాన్చకుండా జవాబు చెబితే బస్సెక్కండి. చెప్పకపోతే మీ స్నేహితులు చెప్పిన కంపెనీయే నయం, అక్కడ కనీసం ఏసీ ఉంటుంది.

నేను 2008 నుంచి పాత అనంతపురం జిల్లాలోనే రైతు సంఘాల కొనుగోళ్లు, లెక్కలు చూస్తున్నాను. (2022లో జిల్లాలు విడగొట్టాక కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి గానీ మాకింకా నోటికి అనంతపురమే వస్తుంది.) ఏటా ఎండాకాలంలో ఇద్దరో ముగ్గురో పిల్లలు మా దగ్గరికి వస్తారు. వాళ్లలో కొందరు చేసిన పని ఇప్పటికీ మాకు వాడుకలో ఉంది. చాలామంది చేసింది బీరువాలో స్పైరల్ బైండింగ్‌తో ఉంది. తెలివిలో వాళ్లకూ వీళ్లకూ తేడా ఏమీ లేదు. పని దొరికిన వాళ్లు పనికొచ్చారు, మిగతావాళ్లకు "ఊళ్లు తిరిగి చూడండి" అని చెప్పి పంపాం. ఆ తప్పు మాది.

ఊళ్లకు ఏమైనా చేయగలనా అన్న మాటకు జవాబు, చేయలేరు. రెండు నెలల్లో ఎవరి వల్లా కాదు. కానీ సంస్థకే తెలియని ఒక చిన్న లెక్క తేల్చి ఇవ్వగలరు. బీకాం చదువుతున్నారు కాబట్టి అది మీ చేతిలో పని.

ముందు ఈ 'సోషల్ ఎంటర్‌ప్రైజ్' అన్న మాట సంగతి. మన దేశంలో ఆ పేరుతో విడిగా రిజిస్ట్రేషన్ ఏమీ లేదు. కింద అది ట్రస్టు కావచ్చు, సొసైటీ కావచ్చు, 1995 నాటి మాక్స్ (పరస్పర సహాయక సహకార సంఘాల) చట్టం కింద పెట్టుకున్న సహకార సంఘం కావచ్చు, పది మంది రైతులు కలిసి పెట్టుకునే ప్రొడ్యూసర్ కంపెనీ కావచ్చు, మామూలు ప్రైవేటు లిమిటెడ్ కూడా కావచ్చు. మన ప్రాంతంలో అందరికీ తెలిసిన ఆర్డీటీ 1969 నుంచి ఉన్న సేవా సంస్థ. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ప్రోత్సాహంతో 2008లో వచ్చిన ధరణి రైతుల సొంత సహకార సంఘం, సేంద్రియ పంటలు కొని అమ్ముతుంది. రెండూ మంచివే, కానీ రెండూ ఒకటి కావు. మొదటిదానికి డబ్బు దాతల నుంచి వస్తుంది. రెండోది సరుకు అమ్ముడుపోతేనే నడుస్తుంది. మిమ్మల్ని పిలిచిన సంస్థ ఏ చట్టం కింద ఉంది, అందులో వాటాలు ఎవరివి, లాభం వస్తే ఎవరికి పోతుంది అని మొదటి ఫోన్‌లోనే అడగండి. అడిగినందుకు నొచ్చుకునే వాళ్లయితే ఆ సంగతి కూడా మీకు ముందే తెలిసినట్టే.

ఇక కొనుగోలు పుస్తకం. వెబ్‌సైట్లో నవ్వుతున్న ఆడవాళ్ల ఫోటోలు ఎవరైనా పెట్టగలరు. కొనుగోలు పుస్తకంలో మాత్రం తేదీ ఉంటుంది, రైతు పేరు ఉంటుంది, మొత్తం తూకం, సంచి బరువు కింద తీసింది, తేమకు, తాలుకు, మట్టికి పట్టిన తరుగు, వేసిన రేటు, డబ్బు పడిన తేదీ ఉంటాయి. ఆ ఒక్క పేజీ పక్కన అదే రోజు మార్కెట్ యార్డు రేటు పెట్టి చూస్తే ఆ సంస్థ ఎవరి కోసం పనిచేస్తోందో అర్ధగంటలో తెలిసిపోతుంది. రేటు యార్డు కన్నా రెండు రూపాయలు ఎక్కువ వేసి తరుగులో నాలుగు రూపాయలు లాగితే అది దళారి పనే. చీనీకాయల (బత్తాయిల) దగ్గర సూటు పేరుతో టన్నుకింత ఊరికే పట్టుకుపోవడం మీరు వినే ఉంటారు. పేరు మార్చుకుని అదే సూటు పెద్ద పెద్ద మాటలు చెప్పే సంస్థల్లో కూడా దూరుతుంది.

శనక్కాయ తూకం ఎలా జరుగుతుందో ఒక్కసారి దగ్గరుండి చూడండి. మూటలో అడుగు నుంచి ఒక గుప్పెడు, నడిమి నుంచి ఒక గుప్పెడు తీసి కలిపి, అందులో 100 గ్రాములు తూచి తట్టలో పోసి వలుస్తారు. వచ్చిన పప్పును మళ్లీ తూస్తారు. 70 గ్రాములు వస్తే మంచి కాయ, 60 వస్తే తాలు ఎక్కువని లెక్క. తేమకు మిషను ఉంటుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో 8 శాతం దాటకూడదంటారు. రైతుకు మిషనుతో పనిలేదు. గుప్పెడు కాయలు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు, గలగలమంటే ఎండినట్టు. ఈ రెండు పద్ధతులకూ ఎక్కడ తేడా వస్తుందో అక్కడే గొడవ మొదలవుతుంది. ఆ గొడవ జరుగుతున్నప్పుడు సంస్థ మనిషి ఏం చేస్తాడో చూడండి. మిషను అంకె రైతు వైపు తిప్పి చూపించే వాళ్లున్నారు, చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకునే వాళ్లున్నారు.

పేరు చెప్పను గానీ ఒక సంస్థ సంగతి చెబుతాను. ప్యాకెట్ మీద 'మహిళా రైతుల నుంచి నేరుగా' అని అచ్చు వేసేవాళ్లు. నాకు తెలిసిన ఇద్దరు విద్యార్థులు అక్కడ వేసవిలో పనికి చేరి, ఏం చేయాలో ఎవరూ చెప్పకపోతే పొద్దుపోక పాత కొనుగోలు పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి తేలిందేమిటంటే సగానికి పైగా సరుకు ఒకే ఇంటిపేరు ఉన్న నలుగురి దగ్గర కొన్నది. ఆ నలుగురూ టౌన్లో మండీ ఉన్న ఒక వ్యాపారి ఇంటివాళ్లు. పిల్లలు అడిగితే "సీజన్లో సరుకు చాలలేదు, సర్దుబాటు" అన్నారట. అలా అడిగిన మూడో రోజు నుంచి వాళ్లకు ఫోటోలు తీసే పని ఇచ్చారు. అందుకే పుస్తకం సంగతి ముందే అడగమంటున్నాను.

మీరు వెళ్లేది మే, జూన్ నెలల్లో. శనక్కాయ చేను చూద్దామనుకుంటే మే నెలలో ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వానతో బతికే నేల ఇది. జూన్, జూలైలో పదును వాన పడితే విత్తనం పడుతుంది, కాయ పెరికేది అక్టోబరు, నవంబరుల్లో. బోర్ల కింద వేసిన కాయ ఏప్రిల్‌కే అయిపోతుంది. మరి మే నెలలో ఊళ్లో ఏముంటుంది? అప్పులుంటాయి. పంట లోన్ల రెన్యువల్, బంగారం తాకట్టు, పెళ్లిళ్లు, పిల్లల ఫీజులు, విత్తనకాయల కోసం క్యూలు. రైతు ఇంట్లోకి డబ్బు వచ్చే నెల కాదు, పోయే నెల. మీలాంటి కామర్స్ పిల్లకు ఇంతకన్నా మంచి నెల లేదంటాను. అయితే ఆ నెలలో "మీ ఆదాయమెంత" అని అడిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆ ప్రశ్న అడిగి అడిగి నేను నా మొదటి ఎండాకాలం మొత్తం తగలేశాను. కర్నూలు నుంచి కొత్తగా వచ్చాను. తొమ్మిది పేజీల సర్వే ఫారం నేనే తయారుచేశాను, అది మహా గొప్పగా ఉందని నాకు నేనే అనుకున్నాను. రెండు వందల ఇళ్లు తిరిగాను. ప్రతి ఇంట్లో ఒకటే మాట, "ఏం మిగల్లేదు సారూ." చివరికి ఒక జేజి నా చేతిలో కాగితాలు చూసి అడిగింది, "ఈ రాతలు రాసుకుంటే లోను వస్తాదా నాయనా, లేకుంటే ఉండే కార్డు పోతాదా?" అప్పటికి 170 ఇళ్లు అయిపోయాయి. నేను లోను ఇచ్చేవాడినని అనుకున్న వాళ్లు ఒక రకం జవాబు చెప్పారు, రేషన్ కార్డు తీసేసే ఆఫీసరు అనుకున్న వాళ్లు ఇంకో రకం చెప్పారు. ఆ ఫారాలు ఎందుకూ కొరగాలేదు. రాసేవాడు ఏమిస్తాడో, ఏం లాక్కుంటాడో తేల్చుకున్నాకే ఊళ్లో ఎవరైనా నోరు విప్పుతారు.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఆదాయం అని అడగను, జరిగిన సంగతి అడుగుతాను. పోయిన కాపు ఎన్ని మూటలైంది, ఎవరికి వేశారు, బండి కిరాయి ఎవరు పెట్టుకున్నారు, డబ్బులు పండగకు ముందొచ్చాయా తర్వాతొచ్చాయా. ఇలా అడిగితే మనుషులు గుర్తుచేసుకుని చెబుతారు. ఇంకొకటి, మూట అంటే ఎన్ని కిలోలో ప్రతి ఊళ్లోనూ అడగండి. నేను 40 అనుకుని లెక్కలు కట్టిన ఊళ్లో ఒక రైతు నవ్వి "మూటంటే మూటే సారూ, సంచి ఎంత పడితే అంత" అన్నాడు. లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

ఎవరిని ఎప్పుడు కలవాలన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే వచ్చిన పిల్లలందరూ పొద్దున పదింటికి నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరతారు. ఆ టైముకు ఇళ్లకు తాళాలుంటాయి. ఎండాకాలం సగం ఊరు ఉపాధి పనికి పోతుంది. ఈ పథకం దేశంలో మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. తెల్లవారకముందే గడ్డపార, తట్ట, సద్దిమూట తీసుకుని పోయి, ఎండ ముదరక ముందే ఇల్లు చేరతారు. వచ్చాక వంట, తిండి, కాసేపు కునుకు. సాయంత్రం పాల కేంద్రం. ఆడవాళ్లతో మాట్లాడాలంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, మగవాళ్లతో అయితే రాత్రి భోజనాలయ్యాక రచ్చకట్ట దగ్గర. కర్నూలు జిల్లా పడమటి మండలాలకు, ఆదోని, కోసిగి అటువైపు వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు ఇళ్లకు ఇళ్లే వలసపోతాయి. మార్చిలో వెళ్తే ముసలివాళ్లు మాత్రమే కనిపిస్తారు, వాళ్లను చూసి ఊరంతా ఇంతే అనుకుని రిపోర్టు రాస్తారు.

మధ్యాహ్నం రెండు గంటలన్నాను కదా, ఆ వేళ జరిగిన ఒక సంగతి చెబుతాను. మా దగ్గరికి అనంతపురం నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఎంబీఏ. ఒక వసారాలో అయిదుగురు ఆడవాళ్లు చింతపండు కొడుతున్నారు. పెంకు ఒలవాలి, నార లాగాలి, పండును చిన్న బండ మీద పెట్టి ఇనుప ముక్కతో ఒక దెబ్బ వేయాలి. గింజ పక్కకు ఎగరాలి, పండు చితకకూడదు. ఈ అమ్మాయి వాళ్లెదురుగా కూర్చుని పెన్ను తీసింది. అరగంటలో వచ్చిన జవాబులు ఊ, ఆ, అంతే. మూడో రోజు తానూ ఒక బండ ముందేసుకుని కూర్చుంది. బొటనవేలు చితక్కొట్టుకుంది, అందరూ నవ్వారు, ఒకామె సున్నం తెచ్చి పూసింది. అప్పుడు, చేతులాడుతుండగా, ఈ అమ్మాయి ఊరికే అడిగింది, "ఈ గింజలన్నీ ఏం చేస్తారక్కా?"

వసారాలో మాట ఆగిపోయిందట. కొంచెం సేపటికి ఒకామె అన్నది, "మాకెక్కడివి? మీ వాళ్లే పట్టుకుపోతారు కదా."

మేమిచ్చే కూలి కొట్టిన పండుకు, కిలోకింత అని. గింజలు సంచుల్లో నింపి మా బండిలోనే వచ్చేవి. గింజలకు విడిగా మార్కెట్ ఉంది, పొడి చేసి బట్టల గంజికి వాడతారు. ఏడేళ్లుగా ఆ గింజలు మేం అమ్ముకుంటున్నాం, మా పుస్తకంలో ఆ కాలమే లేదు, 'ఇతర ఆదాయం' కింద పోయేది. దొంగతనం చేయాలని ఎవరూ అనుకోలేదు, నాకసలు తట్టలేదు. కొట్టేవాళ్లకు మాత్రం ప్రతి రోజూ తెలుసు. ఆ అమ్మాయి రెండు వారాలు కూర్చుని ఎన్ని కిలోల కాయకు ఎంత పండు, ఎంత గింజ, ఎంత పెంకు వస్తుందో తూచి పట్టిక రాసింది. మరుసటి సీజన్ నుంచి గింజల డబ్బులో వాటా కూలికి కలిసింది. సంఘం మీటింగులో కొంచెం రభస కూడా అయింది, పాత ఏళ్ల సంగతేంటని. అడగాల్సిందే. ఆ ఏళ్ల డబ్బు మేం ఇవ్వలేకపోయాం.

ఒక్క ప్రశ్న పట్టుకోమని నేను చెప్పేది ఇలాంటి పని గురించే. మీకు పనికొచ్చేవి ఇంకో రెండు మూడు చెబుతాను, ఇందులో ఒకటి ఎంచుకోండి.

తూకం వేసిన రోజుకూ డబ్బు అకౌంట్లో పడిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు? 2022లో నంద్యాల నుంచి వచ్చిన ఒక బీకాం కుర్రాడు ఇదే పట్టుకున్నాడు. 63 తూకం చీటీలు తీసుకుని ఒక్కొక్కదాని వెంట పడ్డాడు. చాలావాటికి అయిదారు రోజులే, 11 చీటీలకు మాత్రం నెల దాటింది. ఆ పదకొండు ఇళ్లకూ వెళ్లి పాస్‌బుక్కులు చూశాడు. అన్నీ సిండికేట్ బ్యాంకు పాత అకౌంట్లు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరాలో కలిసిపోయింది, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు 2021 జూన్ ఆఖరుతో చెల్లకుండా పోయాయి. మా రిజిస్టర్లో పాత కోడే ఉంది. డబ్బు పంపడం, తిరిగి రావడం, మళ్లీ చెక్కు రాయడం, ఇదీ తంతు. రైతులేమో "వీళ్లు కావాలనే తొక్కిపెడతారు" అనుకుని పక్క ఊరి వ్యాపారికి వేయడం మొదలుపెట్టారు. 2025 మే 1న మన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. కదిరి వైపు ఆ అకౌంట్లు చాలా ఉంటాయి. మీరు వెళ్లే సంస్థ రిజిస్టర్లో ఆ వివరాలు ఎలా ఉన్నాయో చూడటం మొదటి వారంలో చేయదగ్గ పని.

సభ్యుల లిస్టులో ఉన్న పేర్లలో పోయిన సీజన్లో నిజంగా సరుకు వేసినవాళ్లు ఎందరన్నది ఇంకో ప్రశ్న. వేయనివాళ్లలో పదిమందిని కలిసి ఎందుకు వేయలేదో అడిగితే చాలు, వేసినవాళ్లను వందమందిని అడిగినదాని కన్నా ఎక్కువ తెలుస్తుంది. కొర్రల విషయంలో అయితే తిరిగొచ్చిన ప్యాకెట్ల లెక్క చూడండి. పైపొర తీయని కొర్రబియ్యం ఎండాకాలంలో తొందరగా ముక్కవాసన వస్తుంది, పురుగూ పడుతుంది. ఏ నెలలో మరపట్టింది ఏ నెలలో తిరిగొచ్చిందో ఎవరూ రాసిపెట్టుకోరు.

యాప్ మాత్రం చేయకండి. దయచేసి. నాలుగు యాప్‌లు చూశాను. ఒక కుర్రాడు బాగానే తయారుచేశాడు, తెలుగులో, బొమ్మలతో. లాగిన్ అవ్వాలంటే ఓటీపీ. రిజిస్టర్లో సరోజమ్మో, ఫాతిమాబీయో అని ఉంటుంది, పక్కన నంబరు మాత్రం బెంగళూరులో పనిచేసే కొడుకుది. ఇక్కడ ఈ పిల్లాడు "ఓటీపీ వచ్చిందామ్మా?" అంటుంటే అక్కడ కొడుకు ఎవరో మోసగాడనుకుని ఫోన్ చేసి తిట్టాడు. ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో, రీచార్జ్ ఎవరు చేయిస్తారో అడిగి రాసి ఉంటే ఆ యాప్ కన్నా అదే మాకు పనికొచ్చేది.

ఊళ్లో మసలుకోవడం గురించి కొంచెం. మీరు మొదటి రోజు ఏ ఇంట్లో మంచినీళ్లు తాగారన్నది సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది. సంస్థ మనిషి మిమ్మల్ని తీసుకెళ్లి పెద్దింట్లో కూర్చోబెడితే ఎస్సీ కాలనీ వాళ్లు మీతో మాట్లాడే పద్ధతి అప్పుడే ఖాయమైపోతుంది. నేనైతే మొదటి వారంలోనే అన్ని వీధులూ తిరగమంటాను, అన్ని చోట్లా నీళ్లు తాగమంటాను. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకుంటారు, దానికేం చేయలేం. సర్పంచ్‌ను మర్యాదకు కలవండి. సంఘం లీడరు దగ్గర పని అవుతుంది. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా వర్కరుకు అన్ని ఇళ్లూ తెలుసు. పెద్దవాళ్లను అవ్వా, పెద్దమ్మా, చిన్నాయనా అనండి. మేడమ్ అని పిలిపించుకోకండి, అయినా పిలుస్తారనుకోండి. ఫోటో తీసేముందు అడగండి. అడిగితే చీర మార్చుకొస్తానంటారు, మార్చుకోనివ్వండి.

మీ ఇంట్లోవాళ్ల భయం గురించి. అది అర్థంలేని భయం కాదు, దాన్ని చాదస్తమని కొట్టేయకండి. గది ఎక్కడ, ఆ ఇంట్లో ఎవరుంటారు, బాత్రూమ్ లోపలుందా బయటా, మీతో ఊళ్లకు వచ్చేది ఎవరు, రాత్రి బండి మీద దింపేది ఎవరు, అన్నీ అడగండి. ఆఫీసు పక్కన ఖాళీ గది కన్నా సంఘంలో ఉన్న ఒకామె ఇంట్లో ఉండటం వంద రెట్లు మేలు. పదిమంది, అంతకు మించి పనిచేసే ఏ సంస్థలోనైనా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఉన్నామె పేరు, నంబరు అడిగి మీ అమ్మ ఫోన్లో కూడా పెట్టండి. చేరే రోజు అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. పులివెందుల మీదుగా పొద్దున బయల్దేరితే చూసుకుని సాయంత్రానికి వెనక్కి రావచ్చు. చూసొచ్చాక చాలామంది తల్లిదండ్రులు మెత్తబడతారు. చూసొచ్చి కూడా వద్దంటే వాళ్లు అక్కడ ఏం చూశారో అడగండి, ఒక్కోసారి వాళ్ల అంచనాయే సరైనది.

జీతం లేకపోవడం నాకు నచ్చదు, అయినా అదే రివాజు. బస్సు ఛార్జీలు, తిండి ఖర్చు మాత్రం వాళ్లే పెట్టుకోవాలి, ఈ మాట కాగితం మీద తీసుకోండి. ఎదురు మీరే ఫీజు కట్టాలంటే వెంటనే వదిలేయండి, అది సర్టిఫికెట్ల వ్యాపారం. డిగ్రీ వాళ్లకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక ఆ వ్యాపారం బాగా పెరిగింది.

కంపెనీ ఇంటర్న్‌షిప్ మంచిదా ఇది మంచిదా అంటే, మీరు సీఏ వైపు పోవాలనుకుంటే ఆడిటర్ ఆఫీసులో కూర్చోండి, తప్పేం లేదు. రూరల్ మేనేజ్‌మెంట్ వైపు చూస్తుంటే, 1979లో పెట్టిన గుజరాత్ ఆనంద్‌లోని ఇర్మా కాలేజీ లాంటి చోట చదువులోనే పల్లెల్లో ఉండి పనిచేయడం ఒక భాగం. ఇప్పుడు వెళ్లొస్తే అది మీకు సరిపడుతుందో లేదో రెండేళ్ల ఫీజు కట్టకముందే తెలుస్తుంది. సరిపడదని తెలుసుకుని వెళ్లిపోయిన పిల్లలూ ఉన్నారు, వాళ్లలో ఒకరు ఇప్పుడు మాకు ఆడిట్ చేస్తారు.

రిపోర్టు రెండు రాయండి. కాలేజీకి కావాల్సింది కాలేజీకి, ఇంగ్లిష్‌లో, ఎన్ని పేజీలంటే అన్ని. ఇంకొకటి తెలుగులో ఒకే పేజీ, చివరి వారం సంఘం మీటింగులో మీరే నిలబడి చదవాలి. మీరు తేల్చిన అంకె తప్పయితే అక్కడే ఎవరో ఒకరు "అట్ల కాదమ్మీ" అని దిద్దుతారు. కాలేజీలో ఎవరూ దిద్దరు. ఆ పేజీ సంఘం రిజిస్టర్లో అతికించి రండి. లాగ్‌బుక్ కూడా ఏ రోజుది ఆ రోజే రాయండి. చివరి రోజు రాత్రి కూర్చుని రెండు నెలలూ ఒకే పెన్నుతో నింపిన లాగ్‌బుక్ ఎలా ఉంటుందో ప్రతి లెక్చరరుకూ తెలుసు.

తీసుకెళ్లాల్సినవి: నూలు బట్టలు, తలకు పెద్ద తువ్వాలు, రెండు లీటర్ల నీళ్ల సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చి, చిన్న స్ప్రింగు త్రాసు. త్రాసు మరిచిపోకండి, మీ లెక్క మీరే తూచుకోవాలి. తిండికి ఇబ్బంది ఉండదు, రాగిసంగటి, శనక్కాయల ఊరిబిండి, పొద్దున ఉగ్గాని దొరుకుతాయి. మొదటి వారం పన్నెండు దాటాక ఎండలో నడవకండి, ఎవరేమన్నా సరే.

ఇంకొకటి, కదిరి బస్టాండులో మీ ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఉందేమో కనుక్కోండి. అది రాత్రి ఊళ్లోనే పడుకుని తెల్లవారుజామున కదులుతుంది. ఆదివారం ఇంటికి రావాలంటే మీకు అదే దిక్కు, తప్పిపోతే షేర్ ఆటో నిండేదాకా కూర్చోవాలి.